ఓట్లు ప్రజలవి, తాళం అమీర్‌ది

2024 ఏప్రిల్ 4న కువైట్‌లో పార్లమెంటు ఎన్నికలు జరిగాయి. రంజాన్ నెల కాబట్టి పోలింగ్‌ను మధ్యాహ్నం మొదలుపెట్టి అర్ధరాత్రి దాకా నడిపారు. బరిలో సుమారు 200 మంది నిలిస్తే 50 మంది గెలిచారు. కొత్త సభ మే 14న కొలువుదీరాలి. దానికి నాలుగు రోజుల ముందు, మే 10న, అమీర్ షేక్ మిషాల్ అల్ అహ్మద్ అల్ సబా టీవీలో మాట్లాడారు. సభను రద్దు చేస్తున్నానని, రాజ్యాంగంలో కొన్ని అధికరణలను గరిష్ఠంగా నాలుగేళ్లు పక్కన పెడుతున్నానని ప్రకటించారు. గెలిచినవాళ్లు ప్రమాణ స్వీకారం కూడా చేయలేదు.

ఈ వార్త మన పత్రికల్లో లోపలి పేజీలో నాలుగు లైన్లు వచ్చి పోయింది. నిజానికి మనకు కువైట్ పరాయి దేశం కాదు. రాయచోటి, రాజంపేట, కడప వైపు వెళ్తే కువైట్‌తో సంబంధం లేని వీధి అరుదు. గోదావరి జిల్లాల నుంచి ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవాళ్లు వేలల్లో ఉన్నారు. అకామా (నివాస అనుమతి), కఫీల్ (స్పాన్సర్) అన్న మాటలు అక్కడ బడిపిల్లలకు కూడా తెలుసు. కానీ ఆ దేశాన్ని ఎవరు పాలిస్తారు, అక్కడి ఎన్నికల్లో ఏం తేలుతుంది అని అడిగితే ఏళ్ల తరబడి అక్కడ ఉండి వచ్చినవాళ్లు కూడా ‘షేకులే కదా’ అని ఊరుకుంటారు. వాళ్ల తప్పేం లేదు. దేశ జనాభా సుమారు 49 లక్షలైతే అందులో పౌరులు 15 లక్షలు. మిగతావాళ్లకు ఓటు లేదు. పౌరుల్లోనూ 21 ఏళ్లు నిండాలి, సైన్యంలోనో పోలీసుల్లోనో ఉండకూడదు. 2024లో ఓటర్ల సంఖ్య ఎనిమిది లక్షల పైచిలుకు.

రాజరికం కింద ఎన్నిక అనగానే మనకు పెట్టెలు మార్చడాలు, దొంగ ఓట్లు, 99 శాతం మెజారిటీలు గుర్తొస్తాయి. కువైట్ అలాంటిది కాదు. 1967 ఎన్నికల్లో అక్రమాలు జరిగాయని పెద్ద గొడవే అయింది గానీ, ఇటీవలి దశాబ్దాల్లో ఓట్ల లెక్కింపు మీద పెద్ద ఫిర్యాదులు లేవు. ప్రభుత్వానికి ఇష్టంలేనివాళ్లు గెలుస్తారు, ఇష్టమైనవాళ్లు ఓడిపోతారు. అయినా ప్రభుత్వం మారదు. బ్యాలెట్ పెట్టె దగ్గర చేయాల్సిన మాయ ఏదీ లేదు, ఎందుకంటే ఆట నియమాల్లోనే అంతా ఉంది. అందుకే ఈ ఎన్నికను అర్థం చేసుకోవాలంటే ఫలితాలకన్నా ముందు నియమాలు చదవాలి.

మన లోక్‌సభలో 272 మంది ఎవరి వెంట ఉంటే వాళ్లే ప్రధాని. కువైట్‌లో ప్రధానిని అమీర్ నియమిస్తారు. ఇప్పటిదాకా ఆ పదవిలో కూర్చున్నవాళ్లంతా అల్ సబా కుటుంబీకులే. రక్షణ, హోం, విదేశాంగం వంటి శాఖలు కూడా ఎక్కువగా ఆ కుటుంబం చేతిలోనే ఉంటూ వచ్చాయి. రాజకీయ పార్టీలకు చట్టబద్ధత లేదు. ఇస్లామిక్ బృందాలు, ఉదారవాదులు, తెగల ప్రతినిధులు, వ్యాపార కుటుంబాలు ఉన్నాయి గానీ వాళ్లంతా కాగితం మీద స్వతంత్రులే. ప్రచారం దివానియాల్లో సాగుతుంది. దివానియా అంటే ఇంటిని ఆనుకుని మగవాళ్లు సాయంత్రాలు కూర్చునే పెద్ద హాలు. అభ్యర్థి రోజూ రాత్రి ఒకదాని తర్వాత ఒకటిగా తిరగాలి. అక్కడ కాఫీ, టీ అందించేది చాలాచోట్ల మన ఉపఖండం మనుషులే. ఆ ఎన్నికలను అందరికంటే దగ్గరగా చూసేది వాళ్లే, వాటి గురించి ఎవరూ అభిప్రాయం అడగనిదీ వాళ్లనే.

ఇక అసలు లెక్క. సభలో ఎన్నికైన సభ్యులు 50 మంది. రాజ్యాంగం ప్రకారం మంత్రుల సంఖ్య సభలో మూడో వంతు మించకూడదు, అంటే 16. వాళ్లలో కనీసం ఒక్కరు ఎన్నికైన ఎంపీ అయి ఉండాలి. మిగతా 15 మంది ఎవరూ ఎన్నుకోనివాళ్లే కావచ్చు. కానీ మంత్రి పదవి వచ్చిన క్షణం నుంచి వాళ్లకు సభలో సభ్యత్వం, ఓటు రెండూ వస్తాయి. మొత్తం 65 ఓట్లు. అందరూ వస్తే మెజారిటీ 33. ప్రభుత్వం సభలోకి అడుగుపెట్టేటప్పటికే 15 ఓట్లు జేబులో ఉంటాయి. ఇంకో 18 మంది ఎంపీలను తనవైపు తిప్పుకుంటే ఏ బిల్లయినా గట్టెక్కుతుంది. ప్రతిపక్షం ఒక బిల్లును సొంతంగా నెగ్గించుకోవాలంటే 50 మందిలో 33 మంది ఒక్కమాట మీద నిలబడాలి, అదీ పార్టీలు లేని చోట.

ఈ లెక్క 2020 డిసెంబరులో బాహాటంగా కనిపించింది. ఆ ఎన్నికల్లో ప్రతిపక్షం బలపడింది. ఎన్నికైనవాళ్లలో సగానికి పైగా అప్పటి స్పీకర్ మర్జూక్ అల్ ఘానిమ్‌ను మళ్లీ రానివ్వబోమని ముందే చెప్పారు. రహస్య ఓటింగ్ జరిగింది. మంత్రులూ ఓటేశారు. అల్ ఘానిమ్ 33-28తో గెలిచారు. సభ గదిలో కేకలు, తోపులాట. స్పీకర్‌ను ప్రజా ప్రతినిధులు ఎన్నుకున్నారనాలో, మంత్రివర్గం ఎన్నుకుందనాలో మీరే చెప్పండి.

ఆ 18 మందిని ఎలా సంపాదిస్తారు? కువైటీలు ‘పనుల ఎంపీలు’ అని ఒక రకాన్ని వేరుగా గుర్తుపడతారు. ఓటరు కొడుక్కి ఉద్యోగం, తండ్రికి ప్రభుత్వ ఖర్చుతో విదేశాల్లో వైద్యం, ఇంకెవరికో బదిలీ. ఇవి చేయించగలిగిన ఎంపీ మళ్లీ గెలుస్తాడు. చేయించాలంటే మంత్రి సంతకం కావాలి. సంతకం కావాలంటే సభలో ఎటు ఓటేయాలో వేరే చెప్పనక్కర్లేదు. ఇది లంచం కిందికి రాదు, చట్టాన్ని దాటదు. కొన్నిసార్లు దాటిందన్న ఆరోపణ కూడా వచ్చింది. 2011లో కొందరు ఎంపీల బ్యాంకు ఖాతాల్లో లెక్కలేనంత సొమ్ము జమ అయిందని బయటపడినప్పుడు ఆ దేశంలో ఎన్నడూ లేనంత నిరసన రేగింది. ఆ నవంబరులో జనం పార్లమెంటు భవనంలోకి దూసుకెళ్లారు. కొద్ది రోజులకే ప్రధాని షేక్ నాసిర్ అల్ మొహమ్మద్ రాజీనామా చేశారు.

ప్రభుత్వాన్ని మార్చలేని పార్లమెంటుకు ఒక ప్రధానిని సాగనంపే బలం ఎక్కడిది? రాజ్యాంగం ఇచ్చిన ‘ఇస్తిజ్వాబ్’ నుంచి. అంటే మంత్రిని సభలో నిలబెట్టి నిలదీయడం. ఒక్క ఎంపీ నోటీసిచ్చినా మంత్రి వచ్చి జవాబు చెప్పాల్సిందే. ఆ తర్వాత విశ్వాస పరీక్ష పెడితే అందులో మంత్రులకు ఓటు లేదు. ఎన్నికైనవాళ్లే తేలుస్తారు. దానివల్ల ఒక్కో మంత్రిని విడివిడిగా దించేయడం సాధ్యమే. ప్రధాని విషయంలో మాత్రం అవిశ్వాసం అనే మాటే లేదు. ఆయనతో ‘కలిసి పనిచేయలేం’ అని సభ తీర్మానించవచ్చు. అప్పుడు నిర్ణయం అమీర్‌ది. ప్రధానిని తప్పించినా తప్పించవచ్చు, సభనే రద్దు చేసినా చేయవచ్చు. ఆచరణలో అంతదాకా రాదు. నిలదీత నోటీసు పడగానే మంత్రో, మొత్తం మంత్రివర్గమో రాజీనామా చేస్తుంది, లేదా సభ రద్దవుతుంది.

చాలాకాలం ఈ ఆయుధానికి పదును లేదు. యువరాజే ప్రధానిగా ఉండేవారు. రేపు అమీర్ కాబోయే మనిషిని సభలో నిలబెట్టి దోషిలా ప్రశ్నించడానికి ఎవరికి నోరొస్తుంది? 2003లో ఆ రెండు పదవులను విడదీశారు. అప్పటి నుంచి ప్రధాని కూడా ప్రశ్నించదగిన మనిషయ్యాడు. గొడవలు అక్కడి నుంచే ముదిరాయి. 2006 నుంచి 2024 దాకా 18 ఏళ్లలో 11 సార్లు ఎన్నికలు జరిగాయి. సభ పదవీకాలం నాలుగేళ్లు. ఈ మధ్యకాలంలో దాన్ని పూర్తిగా గడిపింది 2016లో ఎన్నికైన సభ ఒక్కటే. మూడుసార్లు రాజ్యాంగ న్యాయస్థానమే ఎన్నికను కొట్టేసింది. 2012 ఫిబ్రవరిలో ప్రతిపక్షం ఘనంగా గెలిస్తే, జూన్‌లో ఆ ఎన్నిక చెల్లదని, అంతకుముందున్న 2009 సభే తిరిగి రావాలని తీర్పు వచ్చింది. 2023లోనూ అదే జరిగింది. 2022లో గెలిచిన సభ పోయి, 2020 సభ లేచి వచ్చింది. ఓటరు వేసిన ఓటుకు గడువు ఎంతో ఓటరుకే తెలియని పరిస్థితి.

2012లో ప్రతిపక్షం గెలిచాక అప్పటి అమీర్ చేసిన పని ఈ మొత్తం కథలో అన్నిటికన్నా నేర్పుగా చేసింది. దాన్ని కాస్త దగ్గరగా చూడాలి. దేశంలో ఐదు నియోజకవర్గాలు, ఒక్కోదానికి పది సీట్లు. ఈ ఐదు కూడా 2006లో యువకులు నారింజ రంగు జెండాలు పట్టుకుని పోరాడి సాధించినవే. అంతకుముందు 25 చిన్న నియోజకవర్గాలుండేవి, వాటిలో ఓట్లు కొనడం తేలిక. కొత్త పద్ధతిలో ప్రతి ఓటరుకు నాలుగు ఓట్లుండేవి. ఒక తెగ మనిషి తన తెగవాడికి ఒకటి వేసి, మిగతా మూడింటిలో ఒకటి సంస్కరణలు కోరే వ్యాపారికి, ఒకటి మసీదులో పేరున్న ఇస్లామిక్ నాయకుడికి వేయగలడు. నీ ఓట్లు నాకు, నా ఓట్లు నీకు అని అభ్యర్థులు జట్లు కట్టేవారు. పార్టీలు లేని చోట పార్టీల్లాంటివి పుట్టడానికి ఉన్న దారి అదొక్కటే.

2012 అక్టోబరులో అమీర్ ఒక ఆదేశంతో నాలుగు ఓట్లను ఒకటి చేశారు. సీట్లు అవే, సరిహద్దులు అవే. చూడ్డానికి మరింత సమానంగా ఉంది కూడా, ఒక మనిషికి ఒక ఓటు! కానీ ఉన్నది ఒక్క ఓటే అయినప్పుడు ఎవరైనా ముందు తనవాడికే వేస్తాడు. జట్లు ఎక్కడివక్కడ చెదిరాయి. పైగా పెద్ద తెగ ముగ్గురిని నిలబెడితే ముగ్గురి మధ్యా ఓట్లు చీలి ముగ్గురూ ఓడిపోవచ్చు. రెండు మూడు వేల ఓట్ల చిన్న గుంపును పోగేసుకున్న అనామకుడు పదో స్థానంలో గెలవచ్చు. అలాంటి ఒంటరి విజేతలతో బేరమాడటం ప్రభుత్వానికి సులభం. జోర్డాన్ రాజు హుస్సేన్ 1993లోనే ఇదే కిటుకు ప్రయోగించి ఇస్లామిక్ ప్రతిపక్షం సీట్లు తగ్గించారు. సరిహద్దుల సంగతి చెప్పాలంటే, 2022లో కువైట్ రెండో నియోజకవర్గంలో ఓటర్లు సుమారు 90 వేలు, ఐదో దానిలో రెండున్నర లక్షలకు పైన. రెండింటికీ పదేసి సీట్లే.

ఆదేశం మీద లక్షల్లో కాకపోయినా, అంత చిన్న దేశానికి పెద్దవే అనదగ్గ ఊరేగింపులు జరిగాయి. ముసల్లం అల్ బర్రాక్ అనే మాజీ ఎంపీ, దేశ చరిత్రలో అత్యధిక ఓట్లు తెచ్చుకున్న నాయకుడు, ఒక సభలో అమీర్‌నే ఉద్దేశించి నిరంకుశ పాలన వైపు దేశాన్ని తీసుకెళ్లనివ్వబోమని హెచ్చరించాడు. అమీర్‌ను అవమానించిన నేరం కింద రెండేళ్లు జైల్లో ఉన్నాడు. 2014లో ఒక మాజీ ఎంపీ పౌరసత్వాన్నే తీసేశారు. మనకు రాజద్రోహం కేసులు తెలుసు. పౌరసత్వం పోవడం అంతకన్నా పెద్ద దెబ్బ. ఇల్లు, ఉద్యోగం, పిల్లల చదువు, వైద్యం అన్నీ దానితో ముడిపడి ఉంటాయి. 2012 డిసెంబరు ఎన్నికలను ప్రతిపక్షం బహిష్కరించింది. పోలింగ్ సుమారు 40 శాతానికి పడిపోయింది. కానీ సభ ఏర్పడింది, చట్టాలు చేసింది. కొన్నేళ్లకు బహిష్కరించినవాళ్లే ఒక ఓటు పద్ధతికి తలొగ్గి మళ్లీ పోటీకి వచ్చారు. బహిష్కరణ గురించి నా అభిప్రాయం ఇక్కడ చెప్పేస్తాను. నియమాలు రాసేవాడికి మన గైర్హాజరు వల్ల నష్టమేమీ లేనప్పుడు అది అతనికిచ్చే కానుకే.

ఇన్ని చెప్పాక కువైట్ పార్లమెంటు ఉత్త బొమ్మ అనుకుంటే పొరపాటు. దాని పుట్టుక కూడా ఆసక్తికరం. 1938లో ముత్యాల వ్యాపారులు, పెద్ద కుటుంబాలవాళ్లు కలిసి పాలకుడి మీద ఒత్తిడి తెచ్చి 14 మందితో ఒక శాసన మండలిని ఎన్నుకున్నారు. బుర్గాన్‌లో చమురు పడింది కూడా ఆ ఏడాదే. చమురు డబ్బు లెక్క మాకు చెప్పాలి అన్నందుకు ఆ మండలి ఏడాది తిరక్కుండానే రద్దయింది. దానికి అధ్యక్షత వహించింది పాలక కుటుంబానికే చెందిన అబ్దుల్లా అల్ సాలిమ్. ఆయనే తర్వాత అమీర్ అయ్యారు. 1961 జూన్‌లో బ్రిటిష్‌వాళ్ల నుంచి స్వాతంత్ర్యం రాగానే ఇరాక్ ఆ దేశం మాదే అంది. అలాంటప్పుడు జనం తన వెనుక ఉన్నారని లోకానికి చూపించాల్సిన అవసరం వచ్చింది. 1962 నవంబరులో రాజ్యాంగం, 1963 జనవరిలో తొలి పార్లమెంటు ఎన్నికలు అలా వచ్చాయి. 1976లో ఒకసారి, 1986లో మరోసారి అమీర్లు సభను మూసేసి రాజ్యాంగాన్ని పక్కన పెట్టారు. రెండోసారి మూసినప్పుడే 1990 ఆగస్టు 2న సద్దాం సైన్యం వచ్చిపడింది. ప్రవాసంలో ఉన్న పాలకులు ఆ అక్టోబరులో జెద్దాలో ప్రతిపక్ష నాయకులతో కూర్చుని, దేశం తిరిగి దక్కితే రాజ్యాంగాన్ని పునరుద్ధరిస్తామని మాటిచ్చారు. 1992లో ఎన్నికలు పెట్టారు. రాజ్యం బలహీనపడ్డప్పుడల్లా సభ తెరుచుకుంటుంది, నిశ్చింతగా ఉన్నప్పుడు మూతపడుతుంది.

తెరిచి ఉన్నప్పుడు సభ ఎప్పుడూ ప్రగతి వైపే ఉందనీ చెప్పలేం. 1999లో స్త్రీలకు ఓటు హక్కు ఇస్తూ అమీర్ ఆదేశం జారీ చేస్తే, ఎన్నికైన పురుషులు దాన్ని ఓడించారు. 2005 మేలో 35-23తో చట్టం నెగ్గింది. ఆ 35లో మంత్రుల ఓట్లూ ఉన్నాయి. 2009లో నలుగురు స్త్రీలు గెలిచారు. 2024 ఏప్రిల్‌లో గెలిచింది ఒక్కరే.

మన మనుషుల సంగతికి వస్తే ఆ సభ రెండు ముఖాలూ చూపింది. 2015 జూన్‌లో ఇంటి పనివాళ్ల కోసం ఒక చట్టం చేసింది. వారానికి ఒక రోజు సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదన్న నిబంధన. అమలు ఎలా ఉందో మన ఊళ్ల నుంచి వెళ్లినవాళ్లను అడిగితే చెబుతారు. అయినా ఫిర్యాదు చేయడానికి ఒక కాగితమంటూ ఏర్పడింది. ఐదేళ్లకు, 2020లో కరోనా సమయాన, అదే సభలో భారతీయుల సంఖ్య జనాభాలో 15 శాతానికి మించకూడదన్న ప్రతిపాదన వచ్చింది. ఎనిమిది లక్షల మంది వెనక్కి రావాలని మన టీవీల్లో హోరెత్తింది. ఆ లెక్క అమలుకు రాలేదు. పౌరుడు మూడో వంతు, పరాయివాడు రెండొంతులు ఉన్న చోట, ఓటు లేనివాడి మీద విరుచుకుపడటం ఎన్నికల్లో చవగ్గా దొరికే మాట. ప్రభుత్వాన్ని దించలేని ఎంపీ ఓటరుకు ఇంకేం చూపిస్తాడు?

2024లో సభ మూసివేతకు అమీర్ వర్గం చెప్పే వాదన తీసిపారేయదగ్గది కాదు. దుబాయ్, దోహా దూసుకుపోతుంటే కువైట్ నిలిచిపోయింది, అప్పులు తీసుకోవడానికి వీలిచ్చే చట్టాన్ని కూడా ఎంపీలు ఏళ్ల తరబడి ఆపారు, పౌరుల సొంత రుణాలు ప్రభుత్వమే తీర్చాలని పట్టుబట్టారు అంటారు. అన్నీ నిజాలే. కానీ ఎవరికైనా బాధ్యత వస్తేనే కదా బాధ్యతగా ఉండేది. ఆపే అధికారం మాత్రమే ఇచ్చి, నడిపే అధికారం ఎప్పటికీ ఇవ్వని సభ ఆపడమే నేర్చుకుంటుంది. దీనికి తప్పు ఎంపీలది సగం, నియమాలది సగం అన్నది నా లెక్క.

మూసివేతకు మరో కోణం ఉంది. రాజ్యాంగం ప్రకారం అమీర్ ఎంచుకున్న యువరాజుకు సభ ఆమోదం కావాలి. ఇది నామమాత్రం కాదు. 2006 జనవరిలో అనారోగ్యంతో ఉన్న అమీర్ షేక్ సాద్‌ను సభే ఓటింగ్‌తో తప్పించింది. గల్ఫ్‌లో మరే సభకూ అలాంటి చరిత్ర లేదు. 2024లో సభ మూతపడ్డ మూడు వారాలకు, జూన్ 1న, షేక్ సబా అల్ ఖాలిద్ యువరాజుగా నియమితులయ్యారు. 2022లో ‘కలిసి పనిచేయలేం’ అన్న తీర్మానం ముంచుకొస్తుంటే ప్రధాని పదవికి రాజీనామా చేసింది ఆయనే.

చుట్టుపక్కల కూడా గాలి అటే వీస్తోంది. ఖతార్ 2021లో షూరా (సలహా) మండలికి తొలిసారి ఎన్నికలు పెట్టి, 2024 నవంబరులో రెఫరెండంతో వాటిని తీసేసింది. బహ్రెయిన్‌లో ఎన్నికలున్నాయి, 2010లో 40లో 18 సీట్లు గెలిచిన ప్రతిపక్ష సంస్థ అల్ విఫాక్ మాత్రం లేదు. దాన్ని 2016లో రద్దు చేసి, 2018లో దాని సభ్యులు పోటీ చేయకుండా చట్టం తెచ్చారు.

2024 మేలో నిలిపివేసిన అధికరణల్లో 107వది ఉంది. సభను రద్దు చేస్తే రెండు నెలల్లో ఎన్నికలు పెట్టాలని, పెట్టకపోతే రద్దయిన సభే తిరిగి కూర్చుంటుందని చెప్పే అధికరణ అది. రాజ్యాంగాన్ని నిలిపివేయడానికి వీల్లేదని చెప్పే 181వ అధికరణను కూడా నిలిపివేశారు. నాలుగేళ్ల గరిష్ఠ గడువు 2028 మేలో తీరుతుంది. అప్పటికో అంతకుముందో కువైట్‌లో మళ్లీ ఎన్నికలు అన్న వార్త వస్తే, ఎంత శాతం ఓట్లు పోలయ్యాయి, ఎందరు స్త్రీలు గెలిచారు అన్నవి తర్వాత చూసుకోవచ్చు. ముందు 107 తిరిగి వచ్చిందా, యువరాజు విషయంలో సభ మాట మిగిలిందా, ఓటరు చేతిలో ఎన్ని ఓట్లు పెట్టారు అన్నది చూడండి.